అంగారకుడి మీద మా అప్ప గిన్నె

తెలుగువాళ్ల చేత అంగారక గ్రహం మీద కాపురం పెట్టించిన మొదటి మనిషిని నేనే. రాజాంలో ఎవరినైనా అడగండి, చెబుతారు. ఒక ఊరు ఊరంతా, ఆవులూ దూడలతో, తిరగళ్లతో, విత్తనాల మూటలతో, గ్రామదేవత ఘటంతో సహా రాకెట్టు ఎక్కించాను. అక్కడ దించి, ఇళ్లు వేయించి, పాలు పొంగించాక గానీ పెన్ను కింద పెట్టలేదు. అంతేనా, ఆ నవల విన్నాకే పాతపట్నం అవతల మా అప్ప వాళ్ల ఊరు ఖాళీ అయింది. ఆఫీసర్లు జీపులు అరిగేలా తిరిగినా కదలని ఊరు నా నవలకి కదిలింది. పుస్తకాల వల్ల ఏమీ జరగదనేవాళ్లు ఒకసారి నా ఎదురుగా కూర్చుని ఆ మాట అనాలి.

మా వైపు అక్కని అప్ప అంటాం. ఈ కథంతా ఆవిడదే, కానీ రాసేది నేను కాబట్టి ముందు నా గురించి చెప్పుకోవాలి. ఉపగ్రహాల రంగంలో నాది ముప్పై ఏళ్ల అనుభవం. ఏ ఉపగ్రహం ఆకాశంలో ఏ మూల ఉందో కళ్లు మూసుకుని వేలు పెట్టి చూపించగలను. అలాంటివాడు గ్రహాల మీద నవల రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

ఇక్కడ కాస్త దిద్దుకోవాలి. ఉపగ్రహాల రంగమంటే డిష్షులు బిగించడం. రాజాంలో నాకు రేడియో, టీవీ రిపేరు కొట్టు ఉండేది. మేడెక్కి, గొడుగులాంటి ఆ డిష్షుని కాస్త ఇటూ కాస్త అటూ తిప్పుతూ "బొమ్మొచ్చిందా?" అని నేను పైనుంచి అరిచేవాణ్ని. "నేదు" అని కింద నుంచి జవాబు వచ్చేది. అంతరిక్షంతో నా సంభాషణ ముప్పై ఏళ్ల పాటు అంతే. ఇప్పుడు అందరూ ఫోన్లలో చూసుకుంటున్నారు కాబట్టి కొట్టు మూసేసి, ఖాళీగా కూర్చుని, నేనూ ఫోన్లో రాకెట్ల వీడియోలు చూస్తున్నాను. నా శాస్త్రజ్ఞానం అలా వచ్చింది. ఎలా వస్తేనేం, వచ్చింది కదా.

పోయిన వేసవిలో మా బావ, అంటే అప్ప మొగుడు, పాతపట్నంలో బస్సెక్కి రాజాం వచ్చాడు. వచ్చినవాడు చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి అన్నాడు.

"బావా, మీ అప్ప నా మాట ఇనదు. నువ్వొచ్చి సెప్పాల."

"నా మాట ఎప్పుడు వింది గనక?"

"ఇనదు. కానీ నువ్వు ఆపకుండా మాటాడతావు కదా, ఇసుగొచ్చి ఏదోటి ఒప్పేసుకుంటాది. నాకదే సాలు."

సంగతేమిటంటే, ఏటి మీద కడుతున్న రిజర్వాయరులో వాళ్ల ఊరు మునిగిపోతుంది. రోడ్డు అవతల మెరక మీద కొత్త కాలనీ వేశారు. చీటీలు తీసి స్థలాలు పంచారు. బావకి మొదటి వరుసలో మూల స్థలం తగిలింది. రెండు వైపులా రోడ్డు. ఆ మాట చెప్పేటప్పుడు బావ మొహం పెళ్లికొడుకు మొహంలా ఉంటుంది. ఊరంతా వెళ్లిపోయింది. బావ కూడా ఆవునీ టీవీనీ తీసుకుని వెళ్లిపోయాడు. అప్ప మాత్రం పాత ఊళ్లోనే ఉండిపోయింది. బావ రోజూ మధ్యాహ్నం సైకిలు తొక్కుకుని పాత ఊరు వెళ్లి, పెళ్లాం దగ్గర భోంచేసి, మళ్లీ కొత్త ఊరు వస్తున్నాడు. వానలు పడి ఏరు పొంగితే వీధిలోకి నీళ్లొస్తాయి. అప్పటికైనా కదులుతుందో లేదో తెలీదు. అదీ బావ భయం.

"ఎందుకు రానంటుంది?"

"ఓనాడు కొత్తింటికి ఈశాన్నెం బాగులేదంటాది. ఓనాడు బోరు నీళ్లు సప్పగున్నాయంటాది. నిన్నేమో ఆ కాలనీలో కాకులు నేవంటాది. కాకుల్తో దానికేటి పని బావా?"

నేను మర్నాడే బయల్దేరాను.

మా వైపు పల్లెల్లో ఇళ్లు విడివిడిగా ఉండవు. వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే వరుస, గోడకి గోడ, అరుగుకి అరుగు. ఈ చివర అరుగెక్కినవాడు వానలో తడవకుండా ఆ చివర దిగొచ్చు. నేను వెళ్లేసరికి అలాంటి వీధిలో గోడలు మాత్రం మిగిలాయి. పెంకులు, వాసాలు, ద్వారబంధాలు, ఎవరివి వాళ్లు విప్పుకుని కొత్త ఇంటికి పట్టుకుపోయారు. పైకప్పుల్లేని మట్టి గోడలు, వాటి మధ్య ఎర్రటి దుమ్ము. వీధి మధ్యలో రెండంటే రెండు కప్పులు నిలబడి ఉన్నాయి. ఒకటి అప్పది. రెండోది అప్ప తోటికోడలిది, అంటే బావ తమ్ముడి భార్యది. ఆవిణ్ని నేను చిన్నప్ప అంటాను. ఆవిడ భర్త ఎప్పుడో పోయాడు. ఆవిడా కదల్లేదు.

ఆ ఎర్ర దుమ్ములో, ఆ మొండి గోడల మధ్య నిలబడగానే నాకు నవల తట్టింది. ఫోన్లో అంగారకుడి ఫొటోలు చూసిన ఎవడికైనా తడుతుంది. వీళ్లని నాలుగు మైళ్ల అవతలికి రమ్మంటే ఏడుస్తున్నారు. కోట్ల మైళ్ల అవతలికి వెళ్లి కాపురాలు చేసిన జనం కథ చదివి వినిపిస్తే, నాలుగు మైళ్లు వీధి దాటినట్టే ఉంటుంది కదా అనుకున్నాను. ఆలోచనలో లోపం లేదు. ఇప్పటికీ లేదంటాను.

అప్పకీ చిన్నప్పకీ మధ్య ఉన్న గోడ గురించి చెప్పాలి. అన్నదమ్ములు వేరు పడినప్పుడు ఉమ్మడి ఇంటి మధ్యలో గోడ లేపారు. కరెంటు లేని రోజులు కాబట్టి గోడలో ఒక గూడు ఆరపారగా వదిలేశారు, అందులో ఒక్క బుడ్డీదీపం పెడితే రెండిళ్లకీ వెలుగొస్తుందని. తర్వాత కరెంటొచ్చింది, దీపం పోయింది, కన్నం ఉండిపోయింది. ఆ కన్నంలోంచి ఒక స్టీలు గిన్నె అటూ ఇటూ తిరిగేది. అంచు దగ్గర సొట్ట, అడుగున చెక్కించిన పేరు తోమి తోమి అరిగిపోయింది. అది నాదని అప్ప అంటుంది, నాదని చిన్నప్ప అంటుంది.

ఇద్దరికీ మాటల్లేవు. ఎన్నో ఏళ్ల కిందట భావనపాడు నుంచి తెచ్చిన ఎండు నెత్తళ్ల చేపలతో చిన్నప్ప కూర వండితే, చింతపండు ఎక్కువైందని అప్ప ఎవరి పెళ్లిలోనో అంది. ఆ మాట గోడ దాటగానే మాటలు ఆగిపోయాయి. కానీ గిన్నె ఆగలేదు. ఆగడానికి వీల్లేదు. ఒకరి గిన్నె మన ఇంటికి వస్తే ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఏదోటి వేసి ఇవ్వాలి. వేసి ఇస్తే అవతలివాళ్లూ అదే పని చేస్తారు. కూరతో వెళ్లిన గిన్నె మజ్జిగతో వస్తుంది, మజ్జిగతో వచ్చింది పనసగింజలతో వెళుతుంది. ఒకసారి కదిలితే ఎప్పటికీ ఆగని యంత్రం చేయాలని పెద్దపెద్ద శాస్త్రజ్ఞులు ప్రయత్నించి ఓడిపోయారట. వాళ్లు మా అప్ప వంటింటికి వచ్చి చూడలేదు.

పొద్దున కొత్త కాలనీలో బావ ఇంటి అరుగు మీద కూర్చుని ఒక అధ్యాయం రాసేవాణ్ని. మధ్యాహ్నం బావ సైకిలు వెనక కూర్చుని పాత ఊరు వెళ్లి, భోజనం చేశాక, అప్పకి చదివి వినిపించేవాణ్ని. అప్ప గోడకి ఆనుకుని చింతపండు ముందేసుకుని పిక్కలు తీసేది. నా ముందూ ఒక చాట పెట్టింది.

"ఊరికే కూకోని సదవకు. సేతులు కాళీయే కదా."

మొదటి అధ్యాయంలో రాకెట్టు బయల్దేరింది. మంటలూ, పొగా, జనం చేతులూపడం, అన్నీ బాగా రాశాను.

"ఏ వారం బయల్దేరినారు?" అంది అప్ప.

వారం రాయలేదు. గ్రహానికి తగ్గట్టు ఉంటుందని మంగళవారం అన్నాను.

అప్ప చేతిలో చింతకాయ ఆగింది. "మంగళారం నాడు ఇల్లు మారినోల్లెవరురా? సదువుకున్నోల్లేనా ఆల్లు?"

గురువారానికి మార్చాను.

"ఎన్నాల్లు పయనం?"

"ఏడెనిమిది నెలలు."

"పక్కనెవరు కూకున్నారు?"

"సీట్లకి నెంబర్లుంటాయప్పా."

"నెంబరు కాదురా, పక్కనెవరని అడిగేను."

కథలకి అడ్డం తగలడం ఆడవాళ్లకి అలవాటే అనుకుని ముందుకి సాగిపోయాను. అక్కడ ఆగి ఉంటే ఈ నవల ఒక్క అధ్యాయంతో ముగిసేది.

మొదటి రోజు మిగతా ప్రశ్నలకి నేను బాగానే తట్టుకున్నాను. అక్కడ మనిషి బరువు మూడో వంతుకి దగ్గరగా ఉంటుందని చెబితే, "మోకాల్లు నెప్పులుంటాయేటి?" అంది. ఉండవన్నాను. "మరి మంచి ఊరే" అంది. అక్కడి ఏడాది మన ఏడాదికి దాదాపు రెండింతలని చెబితే మాత్రం ముఖం ముడుచుకుంది. అమ్మవారి సంబరం ఏడాదికోసారి చెయ్యాలి కదా, అంత ఆలస్యమైతే అమ్మవారు ఊరుకుంటుందా అంది. సంబరం మన లెక్కనే చేస్తారని రాసుకున్నాను. పాలు పొంగించడం గురించి అడిగింది. నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అదే.

"అక్కడ గాలి బాగా పలచనప్పా. బయట గిన్నెలో పాలు పెడితే పొయ్యి లేకుండానే పొంగిపోతాయి."

"కట్టెలు లేకుండా?"

"అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు."

గోడ అవతల అంట్లు తోముతున్న చప్పుడు ఆగింది. చిన్నప్ప వింటోందని నాకప్పుడే తెలిసింది. నాకు ఇద్దరు పాఠకులు దొరికారన్నమాట. మాలో చాలామంది రచయితలకి అంతమంది ఉండరు.

రెండో అధ్యాయంలో ఇళ్లు కట్టించాను. ఒక్కో కుటుంబానికి ఒక్కో గాజు గుమ్మటం. లోపల గాలి, మొక్కలు, ఆవు. బయట ఎర్ర ఎడారి. గుమ్మటం ఆకారం తెలియాలని చాట బోర్లించి చూపించాను. చింతపిక్కలు ఇల్లంతా పోయాయి.

అప్ప పిక్కలు ఏరుకుంటూ అడిగింది. "ఆ గాజుబుడ్డీకి కన్నం ఉంటాదా?"

"కన్నమా? కన్నముంటే లోపలి గాలంతా పోతుంది. ఊపిరాడక చచ్చిపోతారు."

"కన్నం నేకపోతే మట్టుకు బతుకుతారేటి?"

చదువురాని మనిషికి గాలి ఒత్తిడి గురించి చెప్పడం నా బాధ్యత అనుకున్నాను. సైకిలు ట్యూబు ఉదాహరణ చెప్పాను, ప్రెషరు కుక్కరు ఉదాహరణ చెప్పాను. అప్ప అంతా విని, "సరే, గాలి పోకుండా కన్నం పెట్టడం ఆల్లకి సేత కాలేదన్నమాట. అంత దూరం ఎందుకెల్లినారు మరి" అంది.

గోడ అవతల నుంచి చిన్నప్ప గొంతు వినిపించింది. ఆవిడ అప్పతో మాట్లాడదు, కాబట్టి కోడితో మాట్లాడింది. "ఇన్నావేటే కోడీ? నానూ అదే అనుకున్నాను."

అప్ప వెంటనే చీపురుతో అంది. "ఓలె సీపురా, మనల్నెవరూ అడగనేదు."

మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. సైన్సు తెలిసినవాడికి కొన్ని సంగతులు ఆలస్యంగా బుర్రకెక్కుతాయి.

మూడో అధ్యాయంలో అప్పని సంతోషపెడదామని, ఆవిణ్నే నవలలో ఒక పాత్రగా పెట్టాను. కొత్త కాలనీలో పంపకాలెలా జరిగాయో అంగారకుడి మీదా అలాగే చీటీలు తీయించాను. అప్పకి మొదటి వరుసలో మూల గుమ్మటం, రెండు వైపులా రోడ్డు. గొడవల తోటికోడలికి చిట్టచివరి వరుసలో, నీళ్ల ట్యాంకు పక్కన. నిజంగా చిన్నప్పకి తగిలిన స్థలం అదే. మధ్యలో ఎర్ర ఎడారి. "ఇక ఆమె మొహం చూడనక్కర లేదు, ఆమె మాట వినక్కర లేదు" అని ముగించి, మెచ్చుకోలు కోసం తలెత్తాను.

అప్ప చాట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. టీ ఇవ్వలేదు. గోడ అవతల కోడితో ఎవరూ మాట్లాడలేదు.

అక్కడ ఒక ఇసుక తుఫాను మొదలైందని ఇక్కడ రాయాలని నా కోరిక. అలాంటిదేమీ లేదు. ఎండ కాస్తోంది, అప్ప లోపల గిన్నెలు అవసరం లేకపోయినా సర్దుతోంది, నేను నా కాయితాలు మడిచి సైకిలు దగ్గరికి నడిచాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. బావ అన్నం కలుపుకోకుండా కన్నం వైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి అప్ప ఆయన కంచంలో ఆవకాయ వేసింది.

"గిన్నె రానేదా?" అన్నాడు బావ.

"రానేదు" అంది అప్ప.

"నువ్వంపినావా?"

"అది నా దగ్గిర నేదు. ఆ పక్కనే ఉన్నాది."

బావ నా వైపు తిరిగాడు. అంత కోపం ఆయన కళ్లలో నేను మా అప్ప పెళ్లిలో కూడా చూడలేదు. "ఇన్నేల్లలో గిన్నె రాని రోజు నేదు. ఏటి సదివినావు బావా నువ్వు?"

అప్పుడు వెలిగింది నాకు. మా అప్పకి ఈశాన్యం అడ్డం కాదు, బోరు నీళ్లు అడ్డం కాదు, కాకులు అసలే కాదు. కొత్త కాలనీలో ఇల్లు ఎవరిది వాళ్లది, నాలుగు వైపులా ఖాళీ, ఏ గోడా ఇంకొకరిది కాదు. అక్కడికి వెళితే ఆ గిన్నె ఎవరో ఒకరి ఇంట్లో ఆగిపోవాలి. ఆగిపోయిన గిన్నెని ఐదు వరుసలు దాటించి తిరిగివ్వాలంటే, గుమ్మంలోకి వెళ్లి, మొహంలో మొహం పెట్టి, నోరు తెరిచి మాట్లాడాలి. ఆ పని చావనైనా చస్తారు గానీ ఇద్దరూ చేయరు. గిన్నె లేకుండా మాత్రం ఎలా ఉంటారు? అందుకని ఇద్దరూ కూర్చున్నారు, నీళ్లొచ్చేదాకా.

ఆ రోజు సైకిలు మీద తిరిగి వెళుతూ బావతో నేను చేసిన ప్రసంగం మీరు వినాల్సింది. భూమి అంటే ఏమిటి, స్థలం అంటే ఏమిటి, రెండు వైపులా రోడ్డున్నా ఇంట్లో మనిషి లేకపోతే అది ఇల్లెలా అవుతుంది, మనిషికి కావలసింది మూల కాదు తోడు, అని నేను చెబుతుంటే బావ సైకిలు ఆపి, కళ్లు తుడుచుకుని, తన మూల స్థలం వదులుకుంటానన్నాడు.

అబద్ధం. నేనేమీ అనలేదు. గట్టు ఎక్కేటప్పుడు సైకిలు దిగి నడుస్తుంటే బావ తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "నెత్తల్ల కూర అది వొండినట్టు మీ అప్ప వొండదు బావా. సింతపండు సాలదు." మరి కాస్త నడిచి, "మూల బిట్టయితే ఏటి, తింటామా" అన్నాడు. కళ్లు తుడుచుకున్న మాట నిజమే, దుమ్ము పడింది.

మర్నాడు పొద్దున్నే బావ చివరి వరుసకి వెళ్లి, చిన్నప్ప పక్క స్థలం తగిలిన మనిషికి తన మూల స్థలం ఇంటితో సహా ఇచ్చి, ఆయనది తీసుకుంటానన్నాడు. ఆ మనిషి బావకి ఒంట్లో బాగుందా లేదా అని నన్ను పక్కకి పిలిచి అడిగాడు. బాగుందన్నాను. ఆఫీసులో ఇద్దరూ కలిసి చెప్పి మార్పించుకున్నారు. అప్పకి ఈ సంగతి ఎవరు చెప్పాలన్నది మిగిలింది. బావ నా వైపు చూశాడు. "నువ్వు కతలో పెట్టీ" అన్నాడు.

నాలుగో అధ్యాయం నా జీవితంలో నేను రాసిన వాటిలో గొప్పది. ఆ రాత్రి అంగారకుడి మీద చీటీలు మళ్లీ తీశారు. ఇద్దరు తోటికోడళ్ల గుమ్మటాలు పక్కపక్కన పడ్డాయి. మధ్యలో ఒకే గోడ. ఆ గోడలో గూడు. గూటికి రెండు తలుపులు, ఇటొకటి అటొకటి. ఇటు తలుపు తీసినప్పుడు అటు తలుపు మూసి ఉంటుంది. గిన్నె గూట్లో పెట్టి, ఇటు మూసి, తర్వాత అటు తీయాలి. ఒక పక్క గుమ్మటం పగిలినా రెండో పక్క గాలి ఒక్క ఊపిరి కూడా పోదు. ఈ ఉపాయం నేను స్వయంగా కనిపెట్టాను.

స్వయంగా అంటే, అంతరిక్షంలో ఉండేవాళ్లు బయటికి వెళ్లడానికి అలాంటి తలుపులే వాడతారని వీడియోలో చూశాను. అందులో కూర పంపించవచ్చని మాత్రం వాళ్లకెవరికీ తట్టి ఉండదు.

చదవడం అయ్యాక అప్ప పిక్కలు తీస్తూనే అంది.

"రెండు తలుపులూ ఒక్కపాలి తియ్యకూడదన్నమాట."

"తియ్యకూడదు."

"అయితే మొకాలు కనబడవు."

"కనబడవు."

"మాటా ఇనబడదు."

"వినబడదప్పా."

అప్ప తలూపింది. ఒక యంత్రం బేరం చేసేవాళ్లు అలాగే తలూపుతారు. "ఆ మూల బిట్టేటయింది?" అంది.

బావ గుమ్మంలోంచి, "మార్చీసినాను" అన్నాడు.

గోడ అవతల గిన్నె గూటి అంచుకి తగిలిన చప్పుడైంది. తర్వాత కన్నంలోంచి, సొట్ట అంచు ఇటు వైపుగా, గిన్నె నెమ్మదిగా ముందుకు జరిగి ఆగింది. నెత్తళ్ల కూర. చింతపండు బాగా దట్టించిన వాసన. అప్ప తీసుకుని, మూత కోసం చూసి, దగ్గర్లో ఏమీ కనబడక నా మూడో అధ్యాయాన్ని దాని మీద కప్పింది. అది మంచి విమర్శే అనుకున్నాను.

ఆ తర్వాత వాన మబ్బులు పట్టిన ఒక రోజు రెండిళ్లూ కదిలాయి. ఆ ఘట్టం నేను ఇలా రాశాను. ట్రాక్టరు వచ్చి వీధి మధ్యలో ఆగింది. ఇద్దరు తోటికోడళ్లూ గుమ్మాల్లోకి వచ్చి ఒకర్నొకరు చూసుకున్నారు. ముందు చిన్నప్ప చెయ్యి చాపింది. అప్ప ఆ చెయ్యి పట్టుకుంది. ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి మాట్లాడుకున్నారు. "పదవే" అంది అప్ప. "పదప్పా" అంది చిన్నప్ప. ఇద్దరూ ఒకే ట్రాక్టరు ఎక్కి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయారు. వెనక గోడలో కన్నం ఒంటరిగా మిగిలింది. ఒక నవల ఒక ఊరిని కదిపింది.

ఊరంతా ముందే కదిలిందని, మిగిలింది ఇద్దరేనని మీకు తెలుసు. నవలంటే నాలుగు అధ్యాయాలనీ తెలుసు. ఐదోది ఇప్పటికీ రాయలేదు, పాలు అక్కడ ఎవరూ పొంగించలేదు. రాజాంలో ఎవరినైనా అడగమన్నాను కదా, అడక్కండి. ఇంకో చిన్న సంగతి కూడా చెప్పేస్తాను. ట్రాక్టరు వచ్చిన రోజు నేను అక్కడ లేను. పన్ను పీకించుకోడానికి శ్రీకాకుళంలో కూర్చుని ఉన్నాను.

మొన్న కొత్త కాలనీకి వెళ్లినప్పుడు ఇదంతా అప్పకి చదివి వినిపించాను. చివరి వరుస, నీళ్ల ట్యాంకు పక్కన. రెండిళ్ల మధ్య ప్రహరీ గోడ ఉంది. దానికి ఒకచోట ఇటుక తీయించి, మేస్త్రీ చేత సిమెంటు అంచు కట్టించి, ఇటొకటి అటొకటి చిన్న రేకు తలుపులు బిగించారు. ఎందుకూ అంటే పిల్లి రాకుండా అంటుంది అప్ప. బావ మంచం మీద నిద్రపోతున్నాడు. అప్ప చింతపిక్కలు తీస్తోంది. నా ముందూ చాట ఉంది.

ట్రాక్టరు ఘట్టం దాకా ఊరుకుని విని, అప్పుడు చెయ్యి ఆపింది.

"ఒరే, మాకు మాటలెప్పుడు కలిసినాయిరా?"

"కలవలేదా?"

"ఇప్పటికీ నేవు. సెయ్యి పట్టుకోడమేటి, సినిమాలాగ? ఆ రోజు నాకు సెప్పకుండా అదే ముందు ట్రాక్టరెక్కీసినాది. గిన్నట్టుకోని. నాను పులుసు పోసిచ్చిన గిన్నె. అదలాగెలిపోతే మరి నానేటి సెయ్యాల? రెండో ట్రాక్టరెక్కి గిన్నెనకాల ఎల్లాను. నీ కతకి కాదు, నీ కుజుడికీ కాదు. రాస్తే అలాగ రాయి. అది నా గిన్నె."

ప్రహరీ గోడలో అవతలి రేకు తలుపు కిర్రుమంది. ఇవతలిది మూసే ఉంది, కాబట్టి మొహం కనబడలేదు. గొంతు మాత్రం బాగా వినబడింది.

"తమ్ముడూ, మిగతాదంతా అది సెప్పినట్టే రాసుకో. గిన్నె మట్టుకు నాది."